మెడ దెబ్బ తర్వాత కంప్యూటర్: ఐ ట్రాకర్ కొనమంటున్నారు, కొనాలా?

పద్మ_పెరంబూర్ | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉన్న మనవాళ్ళలో ఎవరికైనా అనుభవం ఉంటుందేమోనని అడుగుతున్నాను. పోయినేడు బైక్ యాక్సిడెంట్‌లో మా తమ్ముడికి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. కాగితాల్లో సీ6 అని ఉంది, అంటే మెడలో ఆరో మట్టమట. వెల్లూరు సీఎంసీ వాళ్ళ బాగాయం రీహాబ్‌లో ఉండి వచ్చాడు. వీల్‌చైర్ తోసుకోవడం, స్పూన్‌తో తినడం అక్కడే నేర్చుకున్నాడు. భుజాలు బాగానే ఉన్నాయి, మోచెయ్యి వంచగలడు, మణికట్టు పైకి ఎత్తగలడు. వేళ్ళు మాత్రం కదలవు. ఫోన్‌ని వేలి కణుపుతో పొడుస్తుంటాడు.

అంతకుముందు ఒక ఆడిటర్ గారి దగ్గర ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు చేసేవాడు. ఇంటినుంచి చేయగలిగితే పని ఇస్తానని ఆ సారు ఇప్పటికీ అంటున్నారు. ఈలోగా ఒక డీలరు వచ్చి కళ్ళతో నడిపే ఐ ట్రాకర్ చూపించి లక్షల్లో ధర చెప్పాడు. చిట్టీ పాడుకుని అయినా కొందామని నాన్న పట్టుబడుతున్నారు. తమ్ముడు అవుననడు, కాదనడు. ఏం చేయమంటారు?

ఓటీ_అడయార్ | శనివారం, రాత్రి 10:25

పద్మగారూ, ముందు ఆ చిట్టీ పాట ఆపించండి. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, రోజువారీ పనులు మళ్ళీ సొంతంగా చేసుకోవడం నేర్పేదాన్ని. మనిషిని చూడకుండా తీర్పు చెప్పకూడదు గానీ, మీరు రాసింది నిజమైతే ఆయనకి ఐ ట్రాకర్ అక్కర్లేదు. మణికట్టు లేస్తున్నప్పుడు చేతుల్ని వదిలేసి కళ్ళ దాకా వెళ్ళడం దేనికి? కళ్ళతో నడపడం మిగతా దారులన్నీ మూసుకుపోయినవాళ్ళ కోసం. అది బాగా అలసట కూడా.

సీ6 వాళ్ళకి ఒక సౌకర్యం ఉంటుంది. మణికట్టు పైకెత్తితే వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి, కిందికి వదిలితే విచ్చుకుంటాయి. మేం టెనోడెసిస్ అంటాం. తేలికపాటి వస్తువులు పట్టుకోవడానికి అదే ఆధారం. ఇంట్లో ఎవరైనా ప్రేమకొద్దీ ఆయన వేళ్ళనీ మణికట్టునీ కలిపి వెనక్కి సాగదీసి మసాజ్ చేస్తుంటే వెంటనే మాన్పించండి. వేళ్ళని లాగే స్నాయువుల్లో (టెండన్లలో) ఉండే ఆ కాస్త బిగువు పోతే పట్టు కూడా పోతుంది.

స్పూన్ పెట్టుకునే పట్టీ ఆయన దగ్గర ఉండే ఉంటుంది, అరచేతి చుట్టూ తొడుక్కునేది, లోపల చిన్న జేబు ఉంటుంది. ఆ జేబులో స్పూన్ బదులు పెన్సిల్ తిరగేసి పెట్టండి, రబ్బరు మొన కిందికి వచ్చేలా. ఒక్కో మీటా దాంతో నొక్కొచ్చు. రెండు చేతులకీ రెండు పట్టీలైతే స్పీడ్ పెరుగుతుంది. ఫోన్‌కి మాత్రం పెన్సిల్ పనిచేయదు, టచ్ స్క్రీన్ స్టైలస్ కావాలి.

పరికరం కన్నా ముందు కూర్చునే తీరు చూడాలి. నడుము, పొట్ట కండరాలు పట్టివ్వవు కాబట్టి చెయ్యి ముందుకు చాచగానే ఒళ్ళంతా ఒరిగిపోతుంది. వీల్‌చైర్ చేతులు టేబుల్ కిందికి దూరాలి, ముంజేతులు టేబుల్ మీద పూర్తిగా ఆనాలి. ఇది సరిగ్గా లేకపోతే ఏ మౌస్ కొన్నా దండగే. ఇంకోటి, పని ధ్యాసలో పడి గంటలు గంటలు కదలకుండా కూర్చుంటే పుళ్ళు పడతాయి. అరగంటకోసారి ముందుకో పక్కకో ఒరిగి బరువు తీయాలని ఆయనకి నేర్పే ఉంటారు. ఫోన్‌లో అలారం పెట్టించండి.

ఒంటిచేతి_ఓబులేసు | శనివారం, రాత్రి 11:02

నాకు స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పోయింది. పేరు చూసే అర్థమై ఉంటుంది. తిరువొత్తియూరులో ఉంటాను, ఎడమ చేత్తోనే ఉద్యోగం నడుస్తోంది.

తమ్ముడి మెషీన్లో మొట్టమొదట స్టిక్కీ కీస్ ఆన్ చెయ్యి పద్మమ్మా. విండోస్‌లో షిఫ్ట్ మీటని వరసగా 5 సార్లు నొక్కితే అడుగుతుంది. తర్వాత కంట్రోల్, సీ రెండూ ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలేసి, తీరిగ్గా సీ నొక్కొచ్చు. షిఫ్ట్ వరసగా 2 సార్లు నొక్కితే మళ్ళీ నొక్కేదాకా అతుక్కునే ఉంటుంది.

అందరూ తప్పిపోయే సంగతొకటి ఉంది. అదే సెట్టింగ్స్‌లో "రెండు మీటలు ఒకేసారి నొక్కితే స్టిక్కీ కీస్ ఆపెయ్" అనే అర్థం వచ్చే ఆప్షన్ ఉంటుంది, దాన్ని తీసెయ్. లేకపోతే నువ్వో నాన్నో వచ్చి మామూలుగా టైప్ చేసి వెళ్ళగానే అది ఆగిపోతుంది, తర్వాత అతను ఎంత నొక్కినా పలకదు. మా ఇంట్లో మా అబ్బాయి కూర్చుని లేచిన ప్రతిసారీ ఇదే గొడవ.

ఇంక అతనికి ట్యాలీ రావడం అదృష్టం. మౌస్ ముట్టకుండా నడిచే సాఫ్ట్‌వేర్ అది. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రసీదు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్, సేవ్ చేయడానికి కంట్రోల్ ఏ, వెనక్కి రావడానికి ఎస్కేప్. ఇవన్నీ అతనికి నోటికి వచ్చే ఉంటాయి. పట్టీలో పెన్సిలూ, స్టిక్కీ కీసూ ఉంటే రేపే మొదలుపెట్టొచ్చు. లాప్‌టాప్ అయితే కొన్నింటిలో ఎఫ్ మీటలకి ఎఫ్ఎన్ అని ఇంకో మీట కూడా నొక్కాల్సి వస్తుంది. దానికి స్టిక్కీ కీస్ పనిచేయకపోవచ్చు. నంబర్ ప్యాడ్ ఉన్న పెద్ద యూఎస్‌బీ కీబోర్డు కొనేయండి, వందల్లోనే వస్తుంది.

నంగనల్లూర్_మాస్టారు | ఆదివారం, ఉదయం 5:50

అమ్మా పద్మా, నాది వేరే బాధ. చేతులు వణుకుతాయి. పార్కిన్సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్. ఊరికే కూర్చుంటే చెయ్యి బుద్ధిగానే ఉంటుంది, మౌస్ పట్టుకోగానే మొదలవుతుంది. రిటైరయ్యాక తెలుగులో పద్యాలు టైప్ చేసుకుందామని కూర్చుంటే "అఅఅఅమ్మ" అని పడేది.

నన్ను కాపాడింది ఫిల్టర్ కీస్. కుడి షిఫ్ట్ 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే వస్తుంది. ఒకే మీట వెంటవెంటనే పడితే రెండోదాన్ని పట్టించుకోదు. వేలు పొరపాటున తగిలి జారిన మీటల్ని కూడా వదిలేసేలా పెట్టుకోవచ్చు. ఎంతసేపు నొక్కితే లెక్కలోకి రావాలో మనమే నిర్ణయించుకోవచ్చు. మొదట ఎక్కువ పెట్టుకుని విసుగొచ్చింది, కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాను.

మౌస్ మానేసి ట్రాక్‌బాల్‌కి మారాను. అది బల్ల మీద కదలదు, పైనున్న బంతిని అరచేత్తో దొర్లించడమే. బాణం సరైన చోట నిలిచాక చెయ్యి తీసేసి, అప్పుడు బటన్ నొక్కుతాను. వణుకు బాణాన్ని ఇంక కదపలేదు. డబుల్ క్లిక్ బాధ పోవాలంటే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఒక్క క్లిక్కుతో తెరుచుకునేలా మార్చుకోవచ్చు. వేళ్ళు కదలని అబ్బాయికి కూడా ఈ బంతి నప్పుతుందేమో థెరపిస్టు గారు చెప్పాలి.

ఓటీ_అడయార్ | ఆదివారం, ఉదయం 8:15

చక్కగా నప్పుతుంది మాస్టారూ. పెద్ద బంతి ఉన్నది కావాలి, బొటనవేలితో తిప్పే రకం కాదు. అరచేతి అంచుతో దొర్లించి, చేతి పక్కభాగంతో బటన్ నొక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. నొక్కిపట్టి లాగడం కష్టమైతే మౌస్ సెట్టింగ్స్‌లో క్లిక్‌లాక్ ఉంది. కాసేపు నొక్కితే పట్టు పడిపోతుంది, లాగాక మళ్ళీ నొక్కితే వదులుతుంది.

మురళి_టీనగర్ | ఆదివారం, ఉదయం 10:30

అందరూ పెన్సిళ్ళూ బంతులూ అంటున్నారు. ఇది 2010 కాదు కదండీ. నోటితో చెప్తే కంప్యూటర్ వింటోంది ఇప్పుడు. విండోస్ 11లో వాయిస్ యాక్సెస్ ఉచితం. అది చాలు కదా? అయినా ఇంట్లో ఇంతమంది ఉండగా అతనే చేసుకోవాలని పట్టుబట్టడం ఎందుకు? టికెట్ కావాలన్నా, బిల్లు కట్టాలన్నా ఎవరో ఒకరు చిటికెలో చేసిపెడతారు.

ఓటీ_అడయార్ | ఆదివారం, ఉదయం 11:10

వాయిస్ మంచిదే, వద్దని ఎవరన్నారు? 2022లో వచ్చిన 22హెచ్2 అప్‌డేట్‌తో మొదలైంది, ఇండియన్ ఇంగ్లిష్ ఎంచుకోవచ్చు, భాష ఒకసారి దిగాక నెట్ లేకపోయినా వింటుంది. "షో నంబర్స్" అంటే తెర మీద నొక్కగలిగిన ప్రతిదానికీ ఒక అంకె పడుతుంది, ఆ అంకె చెప్తే చాలు. అంకెలు పడని చోట "షో గ్రిడ్" అంటే తెర గడులుగా విడిపోతుంది, గడి చెప్పుకుంటూ గురి దగ్గరికి వెళ్ళొచ్చు.

కానీ సీ6 మనిషికి పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు పనిచేయవు. ఊపిరి డయాఫ్రమ్ మీదే నడుస్తుంది. ఉదయం బాగా మాట్లాడిన మనిషి గొంతు మధ్యాహ్నానికి సన్నబడిపోతుంది. పైగా ట్యాలీలో రోజంతా అంకెలు చదవడం, పక్క గదిలో కుక్కరు కూతలు. చేత్తో సగం, నోటితో సగం చేసుకుంటేనే ఏదీ అలసిపోదు. ఉత్తరాలు, మెసేజ్‌లు నోటితో చెప్పొచ్చు. ఫోన్‌లో గూగుల్ వాళ్ళ తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచీ ఉంది.

కనుసైగ | ఆదివారం, మధ్యాహ్నం 1:48

మురళిగారి రెండో ప్రశ్నకి నేను చెప్తాను. ఆలస్యానికి ఏమీ అనుకోకండి, నా టైపింగ్ ఇంతే.

మస్క్యులర్ డిస్ట్రఫీ, కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు. కళ్ళు, కుడి బొటనవేలు కొస. అంతే మిగిలింది. పద్మగారు వద్దనుకుంటున్న ఐ ట్రాకర్ మీదే ఇది రాస్తున్నా.

చిటికెలో చేసిపెడతారు, నిజమే. అమ్మకి నా బ్యాంకు పాస్‌వర్డ్ తెలుసు. అన్నయ్యకి నా ఓటీపీలు తెలుసు. పెళ్ళిసంబంధాల సైటు తెరిస్తే వదినకి తెలుసు. ఎవరికీ తెలియకుండా ఒక పుస్తకం కొనుక్కోవాలనిపించదా మీకు? గొడవ పడి ఒక ఘాటు మెసేజ్ పెట్టాలనిపించదా? మా అన్నయ్య చేత ఆయన్నే తిట్టించుకోలేను కదా.

మురళి_టీనగర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

😄 ఒప్పుకున్నాను సార్.

పద్మ_పెరంబూర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:30

కనుసైగ గారూ, ఇది తమ్ముడికి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. మీ ఐ ట్రాకర్ ఎలా ఉందో చెప్తారా? నాన్న ఇంకా దాని మీదే ఉన్నారు.

కనుసైగ | ఆదివారం, సాయంత్రం 4:20

నాకు అది ప్రాణం. మీ తమ్ముడికి బరువు.

తెర కింద ఒక బద్ద ఉంటుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కళ్ళ మీద వేసి, మెరుపుని బట్టి ఎటు చూస్తున్నానో లెక్కగడుతుంది. అంబత్తూరులో మా కిటికీ పడమర వైపు. సాయంత్రం ఎండ తిన్నగా పడితే దానికి నా కళ్ళు కనపడవు. పరదా వేయాలి. తల కాస్త జారితే మళ్ళీ కాలిబ్రేషన్, అంటే నా చూపుకి దాన్ని మళ్ళీ సరిచేసుకోవాలి.

పెద్ద చిక్కేమిటంటే, కళ్ళు చూడటానికి ఉన్నాయి. చూసిన ప్రతిదీ నొక్కుకుపోతే? ముట్టిందల్లా బంగారమైన మైడాస్ రాజు పేరుతోనే పరిశోధకులు దీన్ని పిలుస్తారు. ఒకచోట కాసేపు చూపు నిలిపితే క్లిక్ అయ్యేలా పెట్టొచ్చు. తక్కువ సమయం పెడితే అక్కర్లేనివి తెరుచుకుంటాయి, ఎక్కువ పెడితే కళ్ళు మండుతాయి. అందుకే నేను గురి కళ్ళతో పెడతాను, క్లిక్ బొటనవేలి కింద ఉన్న చిన్న స్విచ్‌తో కొడతాను.

మొత్తం నోరు, చెయ్యి పోయినవాళ్ళు కూడా ఒక్క కదలికతో నడపగలరు. స్టీఫెన్ హాకింగ్ చివరి ఏళ్ళలో చెంప కండరం ఒక్కటే వాడారు. కళ్ళజోడుకి తగిలించిన సెన్సర్ ఆ కదలికని పట్టేది. తెర మీద అక్షరాల వరసలు ఒక్కొక్కటీ వెలుగుతూ పోతుంటాయి, కావలసింది వచ్చినప్పుడు చెంప బిగించాలి. ఇంటెల్ ఆయన కోసం చేసిన ఆ సాఫ్ట్‌వేర్ ఏక్యాట్, 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. డీలర్లు ఇది చెప్పరు.

రిచీ_శీను | ఆదివారం, రాత్రి 8:00

స్విచ్ మాట వచ్చింది కాబట్టి నేను దిగుతున్నా. రిచీ స్ట్రీట్‌లో రిపేర్ షాపు నాది.

కంపెనీ స్విచ్చులు వేలల్లో అమ్ముతారు. లోపలుండేది నొక్కితే కలిసే రెండు తీగలు. పాత యూఎస్‌బీ మౌస్ విప్పండి. ఎడమ బటన్ కింద చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది. దాని కాళ్ళలో, నొక్కినప్పుడు కలిసే రెండింటికీ సమాంతరంగా 3.5 ఎంఎం సాకెట్ టంకం పెట్టి, మౌస్ గోడకి బెజ్జం చేసి బయటికి తీయండి. ఇప్పుడు ఏ స్విచ్ జాక్ గుచ్చినా ఎడమ క్లిక్ అవుతుంది. ఇలాంటి స్విచ్చులు ప్రపంచమంతా చాలావరకు 3.5 ఎంఎం మోనో జాక్‌తోనే వస్తాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2018లో తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ వెనక 19 అలాంటి రంధ్రాలు ఉన్నాయి.

క్లిక్ కాకుండా ఎంటరో స్పేసో పడాలంటే ఆర్డుయినో లియోనార్డో అనే చిన్న సర్క్యూట్ బోర్డు తీసుకోండి. అది కంప్యూటర్‌కి కీబోర్డులా కనిపిస్తుంది. పాత ఊనో (ఆర్3) బోర్డు తీసుకోకండి, దానికి ఆ పని తిన్నగా రాదు. మనిషి కాలు కదిలితే కాలికి, మోచెయ్యి కదిలితే మోచేతికి, గడ్డం కదిలితే గడ్డానికి ఆనేలా బిగించొచ్చు. మనవాళ్ళకి టంకం కూలి తీసుకోను, వస్తువుల డబ్బులిస్తే చాలు.

ఓటీ_అడయార్ | ఆదివారం, రాత్రి 8:35

శీనూ, నీ షాపు ఎక్కడో నాకు మెసేజ్ పెట్టు బాబూ. నా దగ్గరికి వచ్చే పిల్లలకి చాలా పని ఉంది నీతో. స్విచ్ ఎక్కడ బిగించాలో మాత్రం నన్నడుగు. అలసినప్పుడు కూడా తప్పకుండా వచ్చే కదలికే తీసుకోవాలి, అన్నిటికన్నా బలంగా ఉన్నది కాదు. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతో కదలికలు అదుపులో ఉండని స్థితి) పిల్లల్లో చెయ్యి బలంగానే ఉంటుంది కానీ అనుకున్నప్పుడు ఆగదు. మోకాలు పక్కకి తోయడం నిలకడగా వస్తుంది కొందరికి.

రవి_షోళింగనల్లూర్ | ఆదివారం, రాత్రి 9:50

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఓఎంఆర్‌లో ఒక కంపెనీలో ఫ్రంట్‌ఎండ్, అంటే సైటులో తెర మీద కనిపించే భాగం చేస్తాను, బుకింగ్ సైటు మాది. యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్ళకీ సైటు వీలుగా ఉండటం) అంటే మా టీమ్‌లో చూపు లేనివాళ్ళకి తెర చదివిపెట్టే స్క్రీన్ రీడర్ గురించే మాట్లాడతారు. ఇమేజ్‌కి ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) పెట్టి అయిపోయిందనుకుంటారు. మీలాంటివాళ్ళకి సైట్లలో ఎక్కడ తగులుకుంటుందో చెప్తారా? సోమవారం టీమ్ మీటింగ్‌లో పెడతాను.

ఒంటిచేతి_ఓబులేసు | ఆదివారం, రాత్రి 10:15

రవీ, నీ సైటు తెరిచి మౌస్ పీకెయ్. ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణం మీటలు, ఎస్కేప్. వీటితో ఒక టికెట్ బుక్ చేసి చూడు. పావుగంటలో నీకే తెలుస్తుంది.

మొదటిది, నేను ఎక్కడున్నానో కనపడదు. ట్యాబ్ ఆగిన చోట చుట్టూ వచ్చే ఫోకస్ గీత, ఆ నీలం గీత డిజైనర్లకి అసహ్యంగా ఉంటుందట, అవుట్‌లైన్ తీసేస్తారు. రెండోది, బటన్‌లా కనిపించేది బటన్ కాదు. ఉత్త డివ్‌కి (పేజీ కోడ్‌లో మామూలు పెట్టెకి) క్లిక్ తగిలించి వదిలేస్తారు, ట్యాబ్ దాని మీద ఆగదు. మూడోది, మెనూ మౌస్ పైకి వస్తేనే తెరుచుకుంటుంది. నాకు మౌస్ ఎక్కడిది?

ప్రతి పేజీలో పైనున్న అరవై లింకులూ దాటితే గానీ అసలు విషయం రాదు. అన్నిటికన్నా ముందు "నేరుగా విషయానికి" అనే ఒక్క లింకు పెడితే నా వేలు బతుకుతుంది. ఇప్పటికైతే విమియం అనే ఎక్స్‌టెన్షన్‌తో నెట్టుకొస్తున్నా. ఎఫ్ నొక్కితే ప్రతి లింకు మీదా అక్షరాలు పడతాయి, అవి కొడితే తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే ఎక్స్‌టెన్షన్ కూడా అక్కర్లేదు, సింగిల్ కోట్ మీట నొక్కి లింకు పేరులో కాస్త టైప్ చేస్తే అక్కడికే వెళ్తుంది. పద్మమ్మా, ఇది మీ తమ్ముడికి కూడా. కానీ డివ్ బటన్లని ఇవి కూడా ఒక్కోసారి పట్టలేవు.

కనుసైగ | ఆదివారం, రాత్రి 11:30

నాకు సైజు. మూలన ఉండే ఆ చిన్న ఇంటూ గుర్తు. ప్రకటన మూయబోతే ప్రకటనే తెరుచుకుంటుంది. వెబ్‌సైట్లు వైకల్యం ఉన్నవాళ్ళకీ వీలుగా ఉండాలని చెప్పే అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ. 2023 అక్టోబరులో వచ్చిన దాని 2.2లో నొక్కే బటన్ కనీసం 24 బై 24 పిక్సెల్స్ ఉండాలని, లేదంటే పక్కవాటికి తగినంత ఎడం అయినా ఉండాలని పెట్టారు. 44 ఉంటే నా కళ్ళు నీకు దణ్ణం పెడతాయి.

రెండోది లాగుడు. "మీరు మనిషేనని నిరూపించుకోవడానికి ఈ ముక్కని లాగి చిత్రంలో అతికించండి." నేను మనిషిని కాదని అదొక్కటే రోజూ తేలుస్తుంది. లాగడంతో అయ్యే ఏ పనికైనా నొక్కడంతో అయ్యే దారి కూడా ఉండాలని అదే 2.2 చెప్తోంది.

మూడోది టైమర్. ఒక బ్యాంకు యాప్‌లో ఓటీపీ కొట్టేలోపు గడువు అయిపోతుంది, మళ్ళీ మొదటినుంచి. సెషన్ ముగిసేముందు హెచ్చరించి, కనీసం 20 సెకన్లు ఇచ్చి, ఒక్క మీటతో పొడిగించుకోనివ్వాలని 2008 నాటి 2.0లోనే ఉంది. కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలట. నాకు రెండు చాలు.

రవి_షోళింగనల్లూర్ | ఆదివారం, రాత్రి 11:55

మా చెక్‌అవుట్‌లో టైమర్ ఉంది, సీటు పట్టి ఉంచాలి కాబట్టి దాన్ని పూర్తిగా తీయలేం. కానీ ఫారం నింపింది పోకుండా దాచొచ్చు. అది నా చేతిలో పని. వాయిస్ వాడేవాళ్ళకి ఏమైనా ఉందా?

ఓటీ_అడయార్ | సోమవారం, ఉదయం 7:20

ఉంది. బటన్ మీద "చెల్లించండి" అని రాసి, కోడ్‌లో దాని పేరు "సబ్మిట్ 2" అని పెడతారు. తెర మీద కనిపించిన మాటనే మా పేషెంట్ పలుకుతాడు, అక్కడ ఏమీ జరగదు. కనిపించే మాట కోడ్ పేరులో కూడా ఉండాలి. ఇంకోటి, ఒక్క అక్షరం షార్ట్‌కట్లు పెట్టకండి, పెట్టినా ఆపుకునే వీలుండాలి. ఎవరో పక్కన మాట్లాడితే ఆ అక్షరాలన్నీ ఆజ్ఞలైపోయి మెయిల్స్ డిలీట్ అవుతాయి.

లాయర్_పిన్ని | సోమవారం, ఉదయం 9:00

రవీ, మీ మేనేజరు "తీరిక ఉన్నప్పుడు చూద్దాం" అంటే ఈ రెండు ముక్కలు చెప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఆఫీసులకే కాదు, ప్రజలకి సేవలందించే ప్రైవేటు సంస్థలకీ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ప్రజ్ఞా ప్రసూన్ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. కళ్ళు ఆర్పితేనే కేవైసీ అయ్యే పద్ధతి మీద వచ్చిన కేసు అది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివాళ్ళు కోర్టుకి వెళ్ళారు.

చేతుల బాధ ఉన్నవాళ్ళకి ఇంకా దగ్గరి తీర్పు 2021 నాటి వికాష్ కుమార్ కేసు. రైటర్స్ క్రాంప్ (రాయబోతే చెయ్యి బిగుసుకుపోయే బాధ) ఉన్న అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో స్క్రైబ్‌ని, అంటే బదులు రాసిపెట్టే మనిషిని ఇవ్వలేదు. 40 శాతం వైకల్యం ఉంటేనే ఇస్తామనడం కుదరదని కోర్టు తేల్చింది. పద్మా, తమ్ముడికి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకున్నారా? లేకపోతే ముందు ఆ పని చూడండి, చాలా చోట్ల అదే అడుగుతారు.

పద్మ_పెరంబూర్ | బుధవారం, రాత్రి 8:45

కార్డుకి అప్లై చేశాం పిన్నిగారూ.

సోమవారం సాయంత్రం పెన్సిల్ పట్టీ, పెద్ద కీబోర్డు పెట్టాం. స్టిక్కీ కీస్‌లో ఓబులేసుగారు చెప్పిన ఆప్షన్ తీసేశాను. తమ్ముడు ట్యాలీ తెరిచి పాత కంపెనీ డేటాలో జర్నల్ ఎంట్రీలు వేశాడు. నిదానమే, కానీ నన్ను పక్కన కూర్చోనివ్వలేదు. నాన్న చూసి ఏమీ అనలేదు, చిట్టీ మాట మళ్ళీ ఎత్తలేదు.

రెండు చిక్కులు. ట్రాక్‌బాల్ ఇంకా కొనలేదు కాబట్టి నంబర్ ప్యాడ్‌తో బాణం నడిపే మౌస్ కీస్ ఆన్ చేశాను. ఇప్పుడు అంకెలు కొడితే బాణం కదులుతోంది, ట్యాలీలో అమౌంట్ పడట్లేదు. ఇంకోటి, ట్రాక్‌బాల్ కొనేముందు చేత్తో పట్టుకుని చూడటానికి చెన్నైలో ఎక్కడైనా దొరుకుతుందా?

ఒంటిచేతి_ఓబులేసు | బుధవారం, రాత్రి 9:05

మౌస్ కీస్ సెట్టింగ్‌లోనే "నమ్‌లాక్ ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే" అనే ఆప్షన్ ఉంటుంది. దాన్ని తిరగేసి నమ్‌లాక్ ఆన్ ఉంటే అంకెలు, ఆఫ్ ఉంటే బాణం వచ్చేలా పెట్టు. 5 నొక్కితే క్లిక్, ప్లస్ నొక్కితే డబుల్ క్లిక్, 0 నొక్కితే పట్టుకుంటుంది, చుక్క నొక్కితే వదులుతుంది. ట్రాక్‌బాల్ వచ్చాక ఇదంతా ఆపేసుకోవచ్చు.

ఓటీ_అడయార్ | బుధవారం, రాత్రి 9:30

కామరాజర్ సాలై మీద మ్యూజియం ఆఫ్ పాసిబిలిటీస్ ఉంది. 2022లో తెరిచారు. పేరు మ్యూజియమే గానీ వస్తువులు ముట్టుకుని, వాడి చూడొచ్చు. కోట్టూరుపురంలో విద్యాసాగర్ సంస్థ ఉంది, 1985 నుంచీ సెరిబ్రల్ పాల్సీ పిల్లలతో పనిచేస్తున్నారు, ఇలాంటి స్విచ్చులూ కమ్యూనికేషన్ పరికరాలూ వాళ్ళకి కొట్టిన పిండి. వెళ్ళేముందు ఫోన్ చేసి టైమ్ కనుక్కోండి.

తమ్ముడిని తన సొంత వీల్‌చైర్‌లోనే తీసుకెళ్ళండి, పట్టీ కూడా. అక్కడి కుర్చీలో కూర్చుని బంతి బాగుందనుకుంటే ఇంటికొచ్చాక ఎత్తు కుదరదు. ఇంటి టేబుల్ ఎత్తు టేపుతో కొలిచి రాసుకెళ్ళండి.

నంగనల్లూర్_మాస్టారు | గురువారం, ఉదయం 5:40

అబ్బాయికి తెలుగులో రాసే అలవాటుంటే విండోస్‌లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టుకోమనమ్మా. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే కింద తెలుగు మాటలు చూపిస్తుంది, సగంలోనే ఎంచుకోవచ్చు. మీటలు తక్కువ నొక్కితే చాలు. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో తెలుగు కీబోర్డులో ఖ, ఘ లాంటి అక్షరాలకి మాటిమాటికీ షిఫ్ట్ పడుతుంది.

రవి_షోళింగనల్లూర్ | శుక్రవారం, సాయంత్రం 6:20

అప్‌డేట్. మౌస్ పీకి మా మేనేజర్ చేత టికెట్ బుక్ చేయించాను. తేదీ ఎంచుకునే క్యాలెండర్‌లో ఇరుక్కుని బయటికి రాలేకపోయాడు. మిగతా మీటింగ్ నేను మాట్లాడనక్కర్లేకపోయింది. ఫోకస్ గీత తిరిగొచ్చింది, పాప్‌అప్ మూసే బటన్ 44 చేశాం, డివ్ బటన్లన్నీ అసలు బటన్లయ్యాయి. టెస్ట్ లింకు కనుసైగ గారికి, ఓబులేసుగారికి మెసేజ్‌లో పంపాను. చూసి చెప్పండి.

కనుసైగ | శుక్రవారం, రాత్రి 9:10

ఇంటూ గుర్తు మొదటిసారికే తగిలింది. క్యాలెండర్‌లో నెల మార్చే బాణాలు ఇంకా చీమ తలంతే ఉన్నాయి. అవి కూడా పెంచు.

ఒంటిచేతి_ఓబులేసు | శుక్రవారం, రాత్రి 9:25

పాప్‌అప్ తెరుచుకున్నాక ట్యాబ్ కొడితే ఫోకస్ దాని వెనకున్న పేజీలోకి పోతోంది రవీ. ఎస్కేప్ కొడితే మూసుకోవట్లేదు కూడా. సోమవారం మళ్ళీ పంపు, చూస్తా.